కంబళికి టెండర్లో చోటివ్వండి

అయ్యా,

చలి మొదలైతే చాలు, తిరుపతి బస్టాండు చుట్టుపక్కల ఫుట్‌పాత్‌లు రంగురంగుల మెత్తటి దుప్పట్లతో నిండిపోతాయి. కొండకు వెళ్ళేవాళ్ళు బేరమాడి కొనుక్కుంటారు. మళ్ళీ చలికాలం వచ్చేసరికి అవి ఉండలు కట్టి, పలచబడి చెత్తకుప్పలో ఉంటాయి. ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు కొండ మీదికి పోకుండా ఆపుతున్నారు, మంచి పనే. కానీ ఆ సీసా, ఈ దుప్పట్లలో చాలావరకు, ఒకే సరుకు: పాలిఎస్టర్. దుప్పటిని మాత్రం ఎవరూ ఆపరు. ఉతికినప్పుడల్లా దాని సన్న పోగులు మురుగునీళ్ళలో కలుస్తూనే ఉంటాయి.

మా మామగారి నల్ల కంబళి ఇంకా మా ఇంట్లో ఉంది. అంచుల్లో పోగులు లేచాయి, ఒక మూల మా అత్త వేసిన కుట్లున్నాయి, అంతే. గొర్రె బొచ్చు కత్తిరించి, ఏకి, ఆడవాళ్ళు రాట్నం మీద వడికిన నూలు అది. పడుగుకు చింతగింజల గంజి పట్టించి గుంత మగ్గం మీద నేస్తారు. కొత్త కంబళి అట్టలా బిర్రుగా ఉండేది ఆ గంజి వల్లే. వానలో తలమీదుగా కప్పుకుంటే నీళ్ళు జారిపోతాయి. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా తడిగా అనిపించదు. నిప్పురవ్వ పడితే భగ్గుమనదు, కరిగి ఒంటికి అతుక్కోదు. చివరికి పారేసినా మట్టిలో కలిసిపోతుంది.

గుచ్చుకుంటుంది, బరువు, ధర ఎక్కువ అంటారు. నిజమే. మన దక్కనీ జాతి నల్ల గొర్రె ఉన్ని ముతక, దాంతో స్వెట్టర్లు అల్లుకోమని నేననడం లేదు. పరుపు మీద పరవడానికి, పైన కప్పుకోవడానికి (లోపల ఒక పాత నూలు చీర వేసుకుంటే సరి) దాన్ని మించింది లేదు.

అనంతపురం, కర్నూలు వైపు ఈ నల్ల గొర్రెలు తగ్గిపోతున్నాయి. మాంసానికి గిరాకీ పెరిగి కాపరులు నెల్లూరు జాతికి మళ్ళారు, దానికి ఉన్ని ఉండదు. ఉన్న బొచ్చుకేమో కత్తిరింపు కూలి కూడా గిట్టదు. జోధ్‌పూర్‌లో కేంద్ర ఉన్ని అభివృద్ధి మండలి 1987 నుంచీ ఉంది. మన ఉన్ని సంగతి మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

కొనే చేయి ఉంటే మగ్గం ఆడుతుంది. తిరుపతిలో వసతి గృహాలకు, జిల్లాలో సంక్షేమ హాస్టళ్ళకు దుప్పట్లు కొంటూనే ఉంటారు కదా! టెండర్ అనగానే ఎవరు తక్కువకిస్తే వాళ్ళకే. ఆ దుప్పటి ఎన్నేళ్ళు వస్తుందో కూడా లెక్కలోకి తీసుకుంటే కంబళి ఖరీదనిపించదు. ముందు కొన్ని గదులకు, కొన్ని హాస్టళ్ళకు చేనేత కంబళ్ళు కొని చూడమని, వచ్చే ఏడాది టెండర్లలోనైనా మన్నిక నిబంధన చేర్చమని టీటీడీని, సంక్షేమ శాఖ అధికారులను కోరుతున్నాను.

– ఒక రిటైర్డ్ టీచర్, తిరుపతి