బ్యాలెట్‌లో కింది పేర్లు

సంపాదకులు గారికి,

నమస్కారములు. అమెరికా అధ్యక్ష ఎన్నికల ఏడాది వచ్చిందంటే, పార్టీల అభ్యర్థుల ఎంపిక కోసం రాష్ట్రాల్లో జరిగే ప్రైమరీ ఎన్నికల వార్తలు మన పత్రికల్లో మొదటి పేజీకి ఎక్కుతాయి. ఏ రాష్ట్రంలో ఎవరు గెలిచారో, ఎవరికెంత శాతం ఓట్లు పడ్డాయో వివరంగానే రాస్తున్నారు. అయితే పార్టీ అభ్యర్థిని ఖరారు చేసేది పార్టీ మహాసభకు వెళ్లే డెలిగేట్లనీ (ప్రతినిధులనీ), వారిని ఎంచుకునే పద్ధతి రాష్ట్రానికొక తీరుగా, పార్టీకొక తీరుగా ఉంటుందనీ ఆ వార్తల్లో ఒక వాక్యానికి మించి కనిపించదు. పిల్లలు అక్కడి పౌరులై ఓటు వేస్తున్న కుటుంబాలు మా కోనసీమలో ఎన్నో ఉన్నాయి కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా మేనల్లుడు పెన్సిల్వేనియాలో ఉంటాడు. 2016 ఏప్రిల్ 26న రిపబ్లికన్ ప్రైమరీలో తొలిసారి ఓటు వేశాడు. అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకున్నాక, తన కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) నియోజకవర్గం నుంచి డెలిగేట్లుగా ముగ్గురిని ఎన్నుకోవలసిన పేర్ల జాబితా కనిపించింది. వారిలో ఎవరు ఏ అభ్యర్థి వైపున్నారో బ్యాలెట్ మీద లేదు. ఒక్క పేరూ తెలియక దాన్ని ఖాళీగా వదిలేసి వచ్చాడు. ఆ ఏడాది ఆ రాష్ట్రపు రిపబ్లికన్ డెలిగేట్లు 71 మంది కాగా, రాష్ట్రంలో గెలిచిన అభ్యర్థికి కట్టుబడవలసినవారు 17 మందే. 18 నియోజకవర్గాల నుంచి ముగ్గురేసి చొప్పున ఎన్నికైన మిగతా 54 మందికి అలాంటి కట్టుబాటేదీ లేదు. అంటే మావాడు వదిలేసిన ఆ జాబితాలోనే నాలుగింట మూడు వంతుల బలం ఉందన్నమాట. ఈ సంగతి అతనికి ఓటు వేసిన తరువాతే తెలిసింది.

ఒకరిని ఎన్నుకుంటే వారు మరొకరిని ఎన్నుకునే పద్ధతి మనకు కొత్త కాదు. గోదావరి మధ్య డెల్టాలో నీటి సంఘానికి రైతులు టీసీ (ప్రాదేశిక నియోజకవర్గ) సభ్యులను ఎన్నుకుంటారు, వారు సంఘం అధ్యక్షుణ్ణి, ఆ అధ్యక్షులు డిస్ట్రిబ్యూటరీ కమిటీని, ఆపైన ప్రాజెక్టు కమిటీని నిలబెడతారు. 2024 డిసెంబరులో ఇదే జరిగింది. మన బోదె మీద నిలబడే టీసీ సభ్యుడు ఎవరి మనిషో, రేపు ఎవరికి చెయ్యెత్తుతాడో ఊళ్లో అందరికీ తెలుసు కనుక ఆ ఓటుకు అర్థం ఉంటుంది. పెన్సిల్వేనియాలో లోపించింది ఆ ఎరుకే. అందుచేత నేను డెలిగేట్ల పద్ధతిని తప్పుపట్టడం లేదు. దానిలోకి తెలియక అడుగుపెట్టే ఓటరు గురించే నా బాధ.

ఇల్లినాయ్ రిపబ్లికన్ బ్యాలెట్‌లో డెలిగేట్ పేరు పక్కన అతను బలపరిచే అభ్యర్థి పేరు ఉంటుంది. అయినా 2016లో కొన్ని నియోజకవర్గాల్లో, ఒకే అభ్యర్థిని బలపరిచే డెలిగేట్లలోనే, విదేశీయంగా వినిపించే పేర్లున్నవారికి తక్కువ ఓట్లు పడ్డాయి. మన పేర్లున్నవారు రేపు అక్కడ డెలిగేట్లుగా నిలబడేటప్పుడు ఇది గుర్తుంచుకోవలసిన విషయం.

డెమోక్రాట్లలో రాష్ట్రస్థాయిలో గానీ నియోజకవర్గంలో గానీ కనీసం 15 శాతం ఓట్లు రాని అభ్యర్థికి అక్కడ డెలిగేట్లు దక్కరు. వచ్చినవారు మాత్రం ఓట్ల నిష్పత్తిలో పంచుకుంటారు. ఇక అన్నిటికంటె ముందు చూసుకోవలసినది గడువు. న్యూయార్క్‌లో 2016 ఏప్రిల్ 19 నాటి ప్రైమరీలో ఓటు వేయాలంటే, అప్పటికే వేరే పార్టీ పేరుతో గానీ ఏ పార్టీ లేకుండా గానీ నమోదైన ఓటరు, తన నమోదును ఆ పార్టీకి 2015 అక్టోబరు 9 లోపే మార్చుకొని ఉండాలి. ఆరు నెలల ముందు, ప్రైమరీ మాట ఇంట్లో ఎవరి నోటా రాకముందే ఆ తలుపు మూసుకుపోయింది. తరువాత ఆ రాష్ట్రం ఈ నిబంధనను సడలించింది గానీ, పార్టీలో నమోదైనవారికే ప్రైమరీ ఓటు ఇచ్చే రాష్ట్రాలు ఇప్పటికీ ఉన్నాయి.

2028 ప్రైమరీలకు ముందు, అంటే 2027 దసరా నాటికే, మనవారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో పార్టీ నమోదు గడువు ఎప్పుడో, బ్యాలెట్‌లో డెలిగేట్ల పేర్లు ఉంటాయో లేదో, ఉంటే వారు ఎవరికి కట్టుబడినవారో తెలిపే పట్టికను ఒక ఆదివారం మీ పత్రికలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఇక్కడి తల్లిదండ్రులు ఆ పేజీని ఫోటో తీసి పిల్లలకు పంపుకుంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
అమలాపురం