పాత పొగగొట్టానికి సిమెంటు పూయకండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా వానలకు ముందు మున్సిపాలిటీ వాళ్లు శిథిల ఇళ్లకు నోటీసులు అంటిస్తారు. గోడలు చూస్తారు, దూలాలు చూస్తారు. కప్పు దాటి పైకి లేచిన ఇటుక పొగగొట్టం వైపు మాత్రం ఎవరూ తలెత్తి చూడరు. మా వనపర్తి పాత వీధుల్లో వంటిళ్ల మీద ఇవి ఇంకా నిలబడి ఉన్నాయి. ఇంటి మొత్తంలో ఎక్కువ దెబ్బతినేది అదే. గోడకు చూరు అడ్డం ఉంటుంది, పొగగొట్టానికి నాలుగు వైపులా ఎండా వానే.

పోయిన వానాకాలం మా వీధిలో ఒక పొగగొట్టం తల విరిగి పెంకుల మీద పడింది. ఆ సమయానికి వంటింట్లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. గాలివానకు పడిందన్నారు. వెళ్లి ముక్కలు తిరగేసి చూశాను. అంగుళం మందం సిమెంటు పెచ్చు చెక్కుచెదరలేదు. దాని వెనక ఇటుక ముఖం మొత్తం ఎర్రగా అతుక్కుని వచ్చింది. మిగిలిన ఇటుకను గోటితో గీస్తే పొడి రాలింది, అంచుల వెంట తెల్లగా ఉప్పు. గట్టిగా ఉంటుందని కొన్నేళ్ల కిందట ఎవరో సిమెంటు పూసి డబ్బు తీసుకుని పోయారు. గాలి చేసిన పని తక్కువ, ఆ పూత చేసిందే ఎక్కువ.

పాత ఇటుక మెత్తనిది, డంగు సున్నంతో, అంటే ఇసుక కలిపి గానుగలో రుబ్బిన సున్నంతో కట్టినది. అలాంటి కట్టడం తడిస్తే ఇటుకల మధ్య సున్నపు సందుల్లోంచి ఆరుతుంది. సందులను సిమెంటుతో మూస్తే నీరు ఇటుకలోంచే బయటపడాలి. వస్తూ ఉప్పును తెస్తుంది, ఆ ఉప్పు పైపొర కింద గడ్డకట్టి ఇటుకను పెచ్చులుగా లేపుతుంది. పైగా మన పాలమూరు ఎండకు కాలిన గోడ మీద ఒక్కసారిగా జల్లు పడితే సిమెంటుది ఒక దారి, ఇటుకది ఒక దారి. ఆ సన్నని పగుల్లో రావి మొలక లేచిందంటే ఇక చెప్పనక్కరలేదు. వేరుతో సహా తీయకుండా పైన తుంచి ఊరుకుంటే ఏడాది తిరిగేసరికి మళ్లీ వస్తుంది.

సిమెంటు మీద నాకు పగ లేదు. దాన్ని నమ్ముకునే పిల్లలను పెంచాను. స్లాబుకు, పిల్లరుకు దాన్ని మించింది లేదు. దాని చోటు ఇది కాదంటున్నాను, అంతే.

బాగుచేయించేవాళ్లు మేస్త్రీ చేత సందులను ఉలితో అంగుళం లోతు వరకు గీకించండి. కోత మిషను పెట్టనివ్వకండి, ఇటుక అంచులు పోతాయి. దుమ్ము దులిపి, తడిపి, ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుక కలిపి బాగా దంచిన సున్నంతో నింపాలి. కొంచెం ఇటుక పొడి కలిపితే తొందరగా పట్టుకుంటుంది. చిన్న పనికి గానుగ అక్కరలేదు, రోలూ రోకలీ చాలు. మా నాయన కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు పోసేవాడు. ఆ బెల్లం కోసం మేం చుట్టూ తిరిగేవాళ్లం, సగం గోడకు చేరేది కాదు. నింపిన సందుల మీద తడి గోనెసంచులు కప్పి ఉంచాలి. వైశాఖంలో చేస్తే సున్నం పట్టుకోకముందే ఎండిపోతుంది. దసరా దాటాక మొదలుపెట్టి శివరాత్రిలోపు ముగించడం మేలు. పాడైన ఇటుక స్థానంలో కొత్త గట్టి ఇటుక వద్దు, కూల్చిన ఇళ్ల పాత ఇటుక వెతికి పెట్టండి.

గ్యాసు వచ్చాక ఇంకో చిక్కు వచ్చింది. పొయ్యి మండినన్నాళ్లూ ఆ వేడికి పొగగొట్టం లోపల ఆరుతూ ఉండేది. ఇప్పుడు నిప్పు లేదు, వాన మాత్రం లోపలికి దిగుతోంది. కొందరు పైనా కిందా రెండూ మూసేస్తారు. అప్పుడు చెమ్మ లోపలే ఉండిపోయి వంటింటి గోడకు పాకుతుంది. పైన షాబాదు బండను నాలుగు ఇటుక ముక్కల మీద ఎత్తి పెట్టి, పక్కల గాలి ఆడనివ్వాలి. కింద అరచేయంత రంధ్రం వదిలి జాలీ బిగిస్తే ఉడుతలు రావు. పెంకులను ఆనుకున్న చోట జింకు రేకు సందులోకి దూర్చి బిగించాలి. చాలా ఇళ్లలో నీళ్లు దిగేది అక్కడే.

ఇదంతా చేసే మేస్త్రీలు ఎక్కడ ఉన్నారంటే, పుణె, ముంబై, హైదరాబాదుల్లో కాంక్రీటు పోస్తున్నారు. ఇక్కడ సున్నం తెలిసినవాళ్లం ముసలివాళ్లం మిగిలాం. హైదరాబాదులోని జాతీయ నిర్మాణ అకాడమీ 1998 నుంచి కూలీలకు నిర్మాణ పనులు నేర్పుతోంది. పాలమూరు, నల్గొండ జిల్లాల్లో సున్నం పని నేర్పే చిన్న తరగతులు కూడా పెడితే, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లు వచ్చి చూపించడానికి నాలాంటివాళ్లు సిద్ధం. మున్సిపల్ ఇంజినీర్లు నోటీసు రాసేటప్పుడు పొగగొట్టాన్నీ తనిఖీ చేసి, కూల్చాలా, బాగుచేయాలా అన్నది విడివిడిగా రాస్తే ఇంటివాళ్లకు దారి తెలుస్తుంది. ఇప్పుడు ఇస్తున్న నోటీసులో కూల్చమన్న మాట తప్ప మరొకటి ఉండటం లేదు.

ఇట్లు,
ఒక తాపీమేస్త్రీ,
వనపర్తి