డీపీఎఫ్ పీకేయమని ఇక అడగొద్దండి

మన షెడ్డుకి డీజిల్ బండ్లు తెచ్చేవాళ్లందరికీ నమస్కారం. ముందు డబ్బుల మాట చెప్పేస్తాను. ఈ నెల నుంచి స్కానింగ్‌కి 400 తీసుకుంటున్నాను. "వైరు పెట్టి తీసినందుకే నాలుగొందలా?" అని మొన్న ఒకాయన అడిగారు, అడగడంలో తప్పులేదు, ఇన్నేళ్లూ బానెట్ ఎత్తి చెవితో విని ఊరికే చెప్పిన మనిషినే కదా నేను. కానీ 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 (పొగ మీద కొత్త కాలుష్య నిబంధన) బండ్ల రోగం చెవికి అందడం లేదండి, సెన్సర్ ఏం రాసుకుందో స్కానర్‌లో చూడాల్సిందే.

ఇక అసలు సంగతి. డీపీఎఫ్ అంటే సైలెన్సర్ దారిలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్. బీఎస్ 4 డీజిల్ కారు కిలోమీటరుకి 25 మిల్లీగ్రాముల దాకా మసి వదలొచ్చు, బీఎస్ 6లో అది 4.5కి దిగింది, ఈ డబ్బా లేకుండా అది కుదరదు. డీజిల్లో గంధకం కూడా 50 పీపీఎం నుంచి 10కి తగ్గించారు, లేకపోతే లోపలి పూత పాడైపోతుంది. పట్టిన మసిని బండి తనే దాదాపు 600 డిగ్రీల వేడిలో కాల్చుకుంటుంది. ఆ వేడి రావాలంటే బండి కాసేపు ఆగకుండా పరుగెత్తాలి. మనవాళ్లేమో స్కూలుకి రెండు కిలోమీటర్లు, మార్కెట్‌కి ఒకటిన్నర, అంతే. కాలడం పూర్తయ్యేలోపే తాళం తీసేస్తారు, ఆ వేడి కోసం బండి అదనంగా చిమ్మిన డీజిల్ కాస్తా ఇంజిన్ ఆయిల్లోకి దిగుతుంది. ఆయిల్ పుల్ల తీసి చూస్తే పై గీత దాటి ఉంటుంది, "ఆయిల్ పెరిగిందండీ, మంచిదేగా" అన్నవాళ్లూ ఉన్నారు!

దాంతో మీటర్ దగ్గర డీపీఎఫ్ లైటు వెలగడం, "ఆ దరిద్రం పీకేయ్" అనడం. దాచడం ఎందుకు, ముగ్గురికి నేనే పీకాను. డబ్బా కోస్తే లోపల తేనెపట్టులా సన్నటి గళ్లు, గడి గడికీ మసి. అదంతా పొడిచేసి, ఖాళీ డబ్బా మళ్లీ వెల్డింగ్ పెట్టి, వేరేచోట సాఫ్ట్‌వేర్ మార్పించాను. పికప్ బాగుందని వాళ్లు సంబరపడ్డారు, నేనూ డబ్బులు తీసుకున్నాను. ఏడాది తిరక్కుండా వాళ్లలో ఒకాయన బండి అమ్మకానికి పెడితే, కొనడానికి వచ్చినాయన సైలెన్సర్‌లో వేలు పెట్టి బయటికి తీశాడు. ఫిల్టర్ బాగున్న బండిలో వేలుకి మసి పెద్దగా అంటదు. ఈయనది కాటుక పెట్టినట్టు వచ్చింది. బేరం అక్కడే పోయింది. ఆ రోజు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చట్టం ప్రకారం కూడా తప్పేనండి, అందుకే ఇక చేయను, ఎంతిచ్చినా చేయను.

ఇంకో తప్పు కూడా నాదే. మొదట్లో పాత బండ్లకి పోసే ఆయిలే వీటికీ పోశాను. దాని బూడిద కాలదు, ఫిల్టర్లోనే పేరుకుంటుంది. ఇప్పుడు తక్కువ బూడిద రకమే తెస్తున్నాను, సర్వీసు బిల్లు కాస్త పెరిగేది అందుకే.

లైటు వెలిగితే ముందు షెడ్డుకి రానక్కర్లేదు. ట్యాంకులో డీజిల్ చూసుకుని హైవే ఎక్కి రావులపాలెం వైపు అరవై పైన ఇరవై నిమిషాలు ఆగకుండా పోనివ్వండి, చాలాసార్లు అదే ఆరిపోతుంది. ఆరకపోయినా, ఆరి వెలుగుతూ ఉన్నా అప్పుడు తీసుకురండి.

టిప్పర్ల వాళ్లకి ఒక మాట. యాడ్‌బ్లూలో (పొగలోని విషవాయువు తగ్గించడానికి వేరే ట్యాంకులో పోసే ద్రవం) 32.5 శాతం యూరియానే, నిజమే, అలాగని పొలం బస్తా విప్పి కుళాయి నీళ్లలో కలపకండి బాబూ. మన బస్తా యూరియాకి వేపనూనె పూత ఉంటుంది. పోయినవారం ఒక బండి ఇంజెక్టర్ విప్పితే రాళ్ల ఉప్పులా తెల్లగా గడ్డకట్టి ఉంది. రెండు రోజులు బండి ఆగింది, మిగిలిన డబ్బుకి పదింతలు వదిలింది.

ఆ ముగ్గురిలో ఇద్దరికి ఫోన్ చేశాను. కొత్త ఫిల్టర్ వేయించుకుంటే లేబర్ ఒక్క రూపాయి తీసుకోనని చెప్పాను. మూడో ఆయన కొవ్వూరు నుంచి వచ్చేవారు, తెల్లబండి, నంబరు మారినట్టుంది. మీలో ఎవరికైనా తెలిస్తే ఈ మాట చేర్చండి.