మొదటి పేజీకి గ్యారంటీ ఎవరిస్తారు?

సంపాదకులకు,

అయ్యా,

పోయిన ఆదివారం మీ వర్గీకృత ప్రకటనల్లో "జాబ్ కన్సల్టెన్సీలకు నెల రోజుల్లో గూగుల్ మొదటి పేజీ, గ్యారంటీ" అని ఒకటి వచ్చింది. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే తన సహాయ పేజీల్లో రాసిపెట్టింది. అయినా ఆ ప్రకటన చదివిన నా క్లయింటు ఒకాయన పొద్దున్నే ఫోను చేసి, "వాళ్లు ఇస్తుంటే నువ్వెందుకు ఇవ్వవు?" అని నిలదీశారు. కాకినాడలో చిన్న కన్సల్టెన్సీలకు వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా వృత్తి. ఆయనకు చెప్పిందే ఇక్కడా చెబుతాను.

ఆయన సంస్థ ఆసుపత్రులకు నర్సులను, ల్యాబ్ టెక్నీషియన్లను చూసిపెడుతుంది. వెబ్‌సైటు తెరవగానే ఆయన సన్మానాల ఫొటోలు ఒకదాని వెంట ఒకటి ఊరేగుతాయి. అవి పూర్తిగా రాకముందే "మీ వాట్సాప్ నంబరు ఇవ్వండి" అంటూ ఒక పెట్టె తెరంతా కమ్మేస్తుంది. దాన్ని మూసే గుర్తు ఆవగింజంత. అదీ దాటితే ఖాళీల జాబితా. అందులో సగం నిరుడే భర్తీ అయిపోయాయి. తీసేద్దామంటే "జాబితా నిండుగా కనబడాలి కదయ్యా" అంటారు. జీతం ఎంతో తెలియాలంటే ముందు పేరు నమోదు చేసుకోవాలి. తీరా దరఖాస్తు బటన్ నొక్కబోయేసరికి పైనున్న ఫొటో అప్పుడు లోడై, పేజీ కిందికి జారి, వేలు ఇంకెక్కడో పడుతుంది.

"నా కంప్యూటర్లో చక్కగానే వస్తోందే!" అన్నది ఆయన వాదన. వస్తుంది మరి, ఆఫీసులో ఫైబర్ కనెక్షన్ ఉంది. గూగుల్ లెక్కలోకి వచ్చేది ఆ ఒక్క కంప్యూటర్ కాదు. క్రోమ్‌లో ఆ పేజీ తెరిచిన మామూలు జనం ఫోన్లలో అది ఎలా నడిచిందో 28 రోజుల సమాచారం పోగేసి చూస్తుంది. ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి. నొక్కినదానికి 200 మిల్లీసెకన్లలోపు స్పందన రావాలి. తెరుచుకుంటూ పేజీ ఎంత అటూ ఇటూ జారిందో చెప్పే కుదుపుల లెక్క 0.1 దాటకూడదు. వంద సందర్శనల్లో కనీసం 75 ఇలా సాగితేనే బాగున్నట్టు. నర్సింగ్ పూర్తిచేసిన అమ్మాయి తుని బస్టాండులో, అరకొర సిగ్నల్‌తో, అక్క వాడి ఇచ్చిన ఫోనులో ఈ పేజీ తెరుస్తుంది. ఆమె పడిన ఇబ్బందే కొలతకు ఎక్కుతుంది. తెర కమ్మేసే పెట్టెలున్న పేజీలనైతే మొబైల్ ఫలితాల్లో వెనక్కి నెట్టడం 2017 జనవరిలోనే మొదలైంది.

అలాగని వేగం పెంచిన మర్నాడే పైకి ఎగబాకుతారని నేను అనను. వెతికినదానికి సరైన సమాధానం ఉన్న పేజీ కాస్త నెమ్మదిగా ఉన్నా ముందుండవచ్చు. ఊరు, షిఫ్టు, జీతం, చివరి తేదీ స్పష్టంగా రాయడం అన్నిటికన్నా ముఖ్యం. సమాచారంలో సాటివచ్చే పేజీలు పోటీపడినప్పుడు వాడకపు సుఖం తూకం మారుస్తుంది.

కన్సల్టెన్సీలకు ఇంకో గండం ఉంది. 2018 నుంచి మన దేశంలోనూ గూగుల్ ఉద్యోగాలను విడిగా ఒక పెట్టెలో చూపిస్తోంది. భర్తీ అయిన ఖాళీని తీసేయాలని, అభ్యర్థి నుంచి డబ్బు అడిగే ప్రకటనలు పెట్టకూడదని దాని నిబంధనలు. వీటిని మీరితే ఆ పెట్టెలో చోటే పోవచ్చు. రిజిస్ట్రేషన్ ఫీజుల మీద బతికే వారికి ఏ వెబ్‌సైటు చేసిపెట్టినా లాభం లేదు; చేసిపెట్టాలని నాకూ లేదు.

మా క్లయింటు సన్మానాల ఫొటోలను "మా గురించి" పేజీకి తరలించడానికి ఒప్పుకున్నారు. పాత ఖాళీల మీద బేరం ఇంకా తెగలేదు. మీ ప్రకటనల విభాగానికి ఒక మనవి: అలాంటి గ్యారంటీ ప్రకటన ఈసారి వస్తే, మాట నిలబడకపోతే డబ్బు వాపసు ఇస్తారో లేదో కూడా అందులోనే వేయించండి.

— ఒక వెబ్‌సైటు రూపకర్త, కాకినాడ