ఘాట్ ఎక్కే లారీలకు చలికాలం బయోడీజిల్ వేరుగా ఉండాలి

ఎడిటర్ గారికి,

నూనెలతో తయారుచేసి డీజిల్‌లో కలిపే బయోడీజిల్ వాడకం పెంచాలన్నది మంచి ఆలోచనే. 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం కలపాలని 2018 జాతీయ జీవ ఇంధన విధానంలో రాసుకున్నారు కూడా. కానీ మా విజయనగరం, సాలూరు లారీలు (సాలూరు ఇప్పుడు వేరే జిల్లా అయినా మా అందరి దారీ ఒకటే) డిసెంబరు, జనవరిలో సుంకి ఘాట్ ఎక్కి కొరాపుట్ మీదుగా జగదల్‌పూర్, రాయపూర్ వెళ్తాయన్న సంగతి ఎవరికీ పట్టినట్టు లేదు. ఆ దారిలోని సెమిలిగుడ దగ్గర తెల్లవారుజామున చలి 10 డిగ్రీల కిందికి దిగుతుంది.

పామాయిల్‌తో చేసిన బయోడీజిల్‌లో గడ్డకట్టే రకం కొవ్వు ఎక్కువ. అందుకే దాదాపు 15 డిగ్రీలకే అది మసకబారి, చలికాలంలో కొబ్బరినూనె పేరుకున్నట్టు పేరుకోవడం మొదలెడుతుంది. సోయా నూనెతో చేసినదైతే సున్నా దరిదాపుల దాకా ఆగుతుంది. అలా పేరుకున్న మైనం లాంటి పలుకులు ఫిల్టర్‌కి అడ్డం పడితే ఇంజిన్‌కి ఇంధనం అందదు, ఫుల్ లోడుతో ఎత్తు మీద బండి ఆగిపోతే ఆ టెన్షన్ డ్రైవర్‌కే తెలుసు, వెనక వచ్చేవాళ్లకీ ప్రమాదమే. 5 శాతం కలిపితే పెద్ద భయం లేదు. ధర తక్కువని 20 శాతం, అంతకు మించి కలిపినది కొట్టించుకున్నా, అచ్చం బయోడీజిలే నింపుకున్నా అప్పుడే కష్టం.

దీనికి రసాయనాలు ఉన్నాయి. ఇథిలిన్ వినైల్ అసిటేట్, పాలీమెథాక్రిలేట్ రకాలవి చాలా కొద్ది మోతాదు చాలు. మైనం పుట్టకుండా అవి ఆపలేవు, పుట్టిన పలుకు పెద్దది కాకుండా, పక్కదానితో అతుక్కోకుండా చూస్తాయి, దాంతో ఇంధనం ఫిల్టర్ దాటి పోతుంది. అయితే మామూలు డీజిల్‌లో బాగా పనిచేసినది పామాయిల్ బయోడీజిల్‌లో పనిచేయకపోవచ్చు. అందుకే ఏ నూనెకి ఏది, ఎంత అన్నది పరీక్ష చేసి, ఇంధనం ఇంకా వెచ్చగా ఉండగానే డిపోలో కలపాలి. ఇంధనం పేరుకున్నాక షాపులో ఆ రసాయనం సీసా కొని ట్యాంకులో పోస్తే డబ్బు దండగ, అప్పటికే గట్టిపడిన మైనాన్ని అది కరిగించదు. కొందరు కిరోసిన్ కలుపుతారు, అది కల్తీ, పైగా ఇంజిన్‌కి డీజిల్ అందించే పంపు అరిగిపోతుంది. ఇంకో మాట, సరిగ్గా శుద్ధి చేయని బయోడీజిల్‌లో మిగిలిపోయే మోనోగ్లిజరైడ్లు (నూనె పూర్తిగా బయోడీజిల్‌గా మారక మిగిలే కొవ్వు పదార్థాలు) ట్యాంకు అడుగున తెల్లటి మడ్డిలా దిగుతాయి, ఎండ ఎక్కినా ఓ పట్టాన కరగవు. తయారీయే సరిగ్గా లేకపోతే పైన ఏ రసాయనం కలిపినా లాభం లేదు.

మామూలు డీజిల్‌కి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) లెక్క ఉంది: ఫిల్టర్ మూసుకుపోయే ఉష్ణోగ్రత వేసవిలో 18, చలికాలంలో 6 డిగ్రీలు మించకూడదు. ఈ దారిలో బయోడీజిల్ అమ్మేవాళ్లు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తాము అమ్మే ఇంధనానికి ఆ ఉష్ణోగ్రత ఎంతో ధర బోర్డు పక్కనే రాయాలి, ఏ నూనెతో చేశారో, ఎంత శాతం కలిపారో బిల్లు మీద ఉండాలి. పౌర సరఫరాల అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు కొలతతో సరిపెట్టకుండా శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపాలి. ఈ నవంబరు లోపే ఇది మొదలవ్వాలి.

ఇట్లు,
ఒక లారీ యజమాని, విజయనగరం