ట్రాన్స్‌ఫర్ సీటు కూడా సీటే

సంపాదకుల వారికి నమస్కారం.

కాలిఫోర్నియా తెలుగు పిల్లల కాలేజీ అడ్మిషన్ల మీద గత నెల మీ ఎన్నారై పేజీలో వచ్చిన కథనం చదివాను. పేజీ నిండా స్టాన్‌ఫర్డ్, బర్కిలీ, ఐవీ లీగ్. కమ్యూనిటీ కాలేజీ (మొదటి రెండేళ్ల కోర్సులు చెప్పే ప్రభుత్వ కాలేజీ) మాట ఒక్కచోట వచ్చింది, అదీ ఎక్కడా సీటు రానివాళ్లు చేరే చోటు అన్నట్టుగా. నేను హనుమకొండలో చాలా ఏళ్లు ఇంటర్, డిగ్రీ పిల్లలకు సివిక్స్, పొలిటికల్ సైన్స్ చెప్పి రిటైరైనవాణ్ని. ప్రస్తుతం ఫ్రీమాంట్‌లో కూతురి దగ్గర ఉన్నాను. మా మనవరాలు ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చదువుతోంది. రెండేళ్లయ్యాక యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవ్వాలని ప్లాను. ఆ వాక్యం చూసి నాకు కాస్త చివుక్కుమన్న సంగతి అలా ఉంచండి. మీ పేజీ చదివి పిల్లల చదువు నిర్ణయించే తల్లిదండ్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు కనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

కాలిఫోర్నియా 1960లోనే ఉన్నత విద్యకు ఒక మాస్టర్ ప్లాన్ వేసుకుంది. హైస్కూల్ పూర్తిచేసినవాళ్లలో మెరుగైన ఎనిమిదో వంతుకు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, అంటే యూసీ. మెరుగైన మూడో వంతుకు కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ. రెండూ చాలా క్యాంపస్‌లున్న ప్రభుత్వ యూనివర్సిటీలే. ఎవరొచ్చినా కాదనకుండా చేర్చుకునేవి కమ్యూనిటీ కాలేజీలు. అక్కడ రెండేళ్లు బాగా చదివితే మూడో ఏట యూనివర్సిటీలో చోటివ్వాలన్నది కూడా అదే ప్లాన్‌లోని మాట. ఇప్పుడు రాష్ట్రంలో ఈ కాలేజీలు 116 ఉన్నాయి. నేరుగా మొదటి ఏడాదిలో చేరే ప్రతి ఇద్దరికీ ఒక ట్రాన్స్‌ఫర్ విద్యార్థి ఉండాలని యూసీ లక్ష్యం పెట్టుకుంది. మీరు ఫొటో వేసిన యూసీ క్యాంపస్ బర్కిలీలోనే ఏటా ఇలా వచ్చి చేరేవాళ్లు బోలెడుమంది. చివర్లో అందరికీ ఇచ్చేది ఒకటే పట్టా.

మనకిది తెలియని పద్ధతా? పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, బీటెక్ రెండో ఏట చేరిన ఇంజినీర్లు మన ఊళ్లలో ఎంతమంది లేరు! వాళ్లనెవరూ తక్కువగా చూడరు, పైగా పని తెలిసినవాడని మెచ్చుకుంటారు. అలా చదువుకుని అమెరికా వచ్చిన మనిషే, కొడుకు కమ్యూనిటీ కాలేజీ అనగానే వారం రోజులు వాడితో మాట్లాడటం మానేస్తాడు. ఇండియాలో చుట్టాలకు ఏం చెప్పాలో తెలియక ఫోన్లు కూడా తగ్గించిన ఇల్లు ఒకటి నాకు తెలుసు.

డబ్బు లెక్క కూడా చూద్దాం. కమ్యూనిటీ కాలేజీలో రాష్ట్రవాసులకు ఫీజు యూనిట్‌కు (కోర్సులను కొలిచే క్రెడిట్‌కు) 46 డాలర్లు. 2012 నుంచీ అంతే. ట్రాన్స్‌ఫర్‌కు కావలసిన 60 యూనిట్లకు కలిపి 2,760 డాలర్లు. పుస్తకాలు, చిల్లర ఫీజులు వేరు. మొదటిసారి కాలేజీలో చేరి ఫుల్‌టైమ్ చదివేవాళ్లకు చాలా కాలేజీలు రెండేళ్ల పాటు ఆ ఫీజు కూడా తీసుకోవడం లేదు. యూసీలో రాష్ట్రవాసులకే ట్యూషన్, ఫీజులు ఏడాదికి 14 వేల డాలర్లు దాటాయి, హాస్టలు, తిండి దానికి అదనం. ఇంట్లోంచి వెళ్లొస్తూ రెండేళ్లు చదివితే మిగిలేది ఎంతో ఎవరి లెక్క వాళ్లు వేసుకోవచ్చు.

ఇక సబ్జెక్టు సంగతి. మా మనవరాలి విషయంలో కాలేజీ పేరు విన్నప్పటి కంటే పొలిటికల్ సైన్స్ అన్నప్పుడే ఎక్కువమంది మొహాలు చిన్నబుచ్చుకున్నారు. "అది చదివి ఏం చేస్తుందండీ?" అని నన్నే అడిగారు, జీవితమంతా అది చెప్పి బతికినవాణ్ని! మన రాష్ట్రాల్లో పాలిటీ అంటే గ్రూప్స్ పరీక్షకు బట్టీ పట్టేది, లేదా సీఈసీ, హెచ్ఈసీ పిల్లలు మార్కుల కోసం చదివేది. ఏ అధికరణం, ఎన్నో సవరణ అంతే.

ఇక్కడ అమెరికన్ గవర్నమెంట్ క్లాసులో మనవరాలికి ఒక పని ఇచ్చారు: సిటీ కౌన్సిల్ సమావేశానికి వెళ్లి, ఎవరేం మాట్లాడారో, కౌన్సిల్ ఏం తేల్చిందో రాసుకురావాలి. తోడుగా నన్నూ తీసుకెళ్లింది. పైన మేయరు, సభ్యులు. ఎదురుగా ఒక మైకు, ఒక టైమరు. మాట్లాడతామన్న వాళ్లందరినీ వరసగా పిలిచారు. ఒక పెద్దావిడ వచ్చి తన వీధిలో రాత్రిళ్లు లారీలు ఆపేస్తున్నారని చెప్పింది. టైమరు ఎర్రగా వెలిగినా చెప్పదలచుకున్నది చెప్పే కూర్చుంది, ఎవరూ విసుక్కోలేదు. స్థానిక సంస్థల సమావేశాల్లో జనం ఇలా మాట్లాడే హక్కు బ్రౌన్ యాక్ట్ అనే కాలిఫోర్నియా చట్టం ఇచ్చిందని తిరిగొస్తూ కారులో మనవరాలే నాకు చెప్పింది. గ్రామసభ గురించి నేను ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. ఒక్క విద్యార్థినైనా గ్రామసభకు పంపి రిపోర్టు రాయించమని మా సిలబస్ ఏనాడూ అడగలేదు.

హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023లో మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ (రాష్ట్రంలో గవర్నర్ తర్వాతి పదవి) అయితే మనమంతా సంబరపడ్డాం. ఆవిడ చదివింది సివిల్ ఇంజినీరింగేలెండి. హైదరాబాద్‌లోనే పుట్టిన గజాలా హాష్మీ 2025లో వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. రాజకీయాల్లోకి రాకముందు ఆమె ఏళ్ల పాటు పనిచేసింది రిచ్‌మండ్‌లోని కమ్యూనిటీ కాలేజీలో. ఒబామా లాస్ ఏంజెలెస్‌లో రెండేళ్లు చదివి 1981లో కొలంబియాకు ట్రాన్స్‌ఫర్ అయి పొలిటికల్ సైన్స్ పట్టా తీసుకున్నారు. ఆయన మొదట చదివింది కమ్యూనిటీ కాలేజీ కాదు, ప్రైవేటు కాలేజీ. అయినా రెండేళ్ల తర్వాత కాలేజీ మారడం అనేది ఇక్కడ ఎంత మామూలు విషయమో చెప్పడానికి ఆ మాట తెచ్చాను.

అలాగని అంతా సాఫీ అని రాస్తే మీ పాఠకులను మోసం చేసినట్టే. ట్రాన్స్‌ఫర్ కావాలనుకుని చేరినవాళ్లలో నాలుగేళ్లలోపు నిజంగా అయినవాళ్లు దాదాపు అయిదుగురిలో ఒక్కరేనని రాష్ట్ర ఆడిటర్ 2024లో తేల్చారు. చాలామంది ఉద్యోగం చేసుకుంటూ చదువుతారు. ఒక్కో యూనివర్సిటీ ఒక్కో కోర్సు అడుగుతుంది. కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ అవసరమైన వారంలో దొరకదు. ఇంట్లో అమెరికా చదువుల పద్ధతి తెలిసినవాళ్లు లేకపోతే పిల్లల టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఇంజినీరింగ్‌తో పోలిస్తే పొలిటికల్ సైన్స్‌కు ఈ కోర్సుల బాధ తక్కువే. లెక్కలు, ఫిజిక్స్ ఒకదాని తర్వాత ఒకటిగా ఏళ్ల తరబడి సాగవు. అమెరికన్ గవర్నమెంట్, కంపారటివ్ పాలిటిక్స్, అంతర్జాతీయ సంబంధాలు, పొలిటికల్ థియరీ, ఈ నాలుగూ ప్రధానం. కొన్ని క్యాంపస్‌లు స్టాటిస్టిక్స్ కూడా అడుగుతాయి. చిక్కంతా ఆ "కొన్ని" దగ్గరే. అసిస్ట్ అని ఒక అధికారిక వెబ్‌సైట్ ఉంది. మన కాలేజీ, వెళ్లాలనుకునే క్యాంపస్, సబ్జెక్టు, సంవత్సరం ఎంచుకుంటే ఏ కోర్సు దేనికి లెక్కకొస్తుందో చూపిస్తుంది. ఒక రాత్రి మా డైనింగ్ టేబుల్ మీద మనవరాలు అందులో నాలుగు క్యాంపస్‌ల పేజీలు తెరిచి, పాత క్యాలెండర్ కాగితం వెనక గళ్లు గీసి టిక్కులు పెట్టింది. ఒక క్యాంపస్‌లో ప్రధాన కోర్సుగా తీసుకునేదే ఇంకోచోట వట్టి ఎలక్టివ్‌గా (ఐచ్ఛిక కోర్సుగా) పోతోంది! అందుకే 2025 ఫాల్ సెమిస్టర్ (ఆగస్టు ప్రాంతంలో మొదలయ్యేది) నుంచి రాష్ట్రమంతా కొన్ని కోర్సులకు ఒకే నంబరు ఇవ్వడం మొదలుపెట్టారు. అమెరికన్ గవర్నమెంట్ ఇప్పుడు ఏ కమ్యూనిటీ కాలేజీలోనైనా పోల్స్ సీ1000 అనే నంబరుతోనే ఉంటుంది. మంచి పని, కాకపోతే చాలా ఆలస్యంగా చేశారు.

తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాల్సినవి రెండు. ట్రాన్స్‌ఫర్ కోసమే రూపొందించిన అసోసియేట్ డిగ్రీ (కమ్యూనిటీ కాలేజీ ఇచ్చే రెండేళ్ల డిగ్రీ) ఒకటుంది, 2010 చట్టంతో వచ్చింది. దానితో స్టేట్ యూనివర్సిటీలో ఎక్కడో ఒకచోట సీటు ఖాయం, కోరుకున్న క్యాంపస్‌లోనే అని కాదు. రెండోది యూసీ వాళ్ల ట్యాగ్, అంటే ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రజ్, వీటిలో ఒక్కదాన్ని ఎంచుకుని, వాళ్లడిగిన కోర్సులు, గ్రేడ్లు చూపిస్తే సీటు గ్యారంటీ. బర్కిలీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగోలకు ఈ సదుపాయం లేదు. ట్యాగ్ దరఖాస్తు సెప్టెంబరులోనే పెట్టాలి. అసలు అప్లికేషన్‌తో పాటు చూసుకుందాంలే అని నవంబరు దాకా ఆగిన పిల్లలకు ఆ ఏడాది ఆ అవకాశం పోయినట్టే.

ఇండియా నుంచి ఎఫ్-1 వీసా మీద వచ్చి ఈ దారి పట్టాలనుకునేవాళ్ల లెక్క వేరు. వాళ్లకు యూనిట్ ఫీజు ఎన్నో రెట్లు ఎక్కువ. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) డిగ్రీలకిచ్చే 24 నెలల అదనపు ఓపీటీ, అంటే చదువయ్యాక ఇక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి, మామూలు పొలిటికల్ సైన్స్ డిగ్రీకి రాదు. అప్పు చేసి రావాలనుకునేవాళ్లు ఈ ముక్క ముందే తెలుసుకోవాలి.

మీకు నా విన్నపం చిన్నదే. జూన్ వస్తే ఇక్కడి తెలుగు సంఘాలు పిల్లలకు సన్మానాలు చేస్తాయి, మీరు ఫొటోలు వేస్తారు. నేను చూసినంతలో ఆ శాలువాలన్నీ హైస్కూల్ నుంచి నేరుగా పెద్ద యూనివర్సిటీలకు వెళ్లేవాళ్లకే. యూసీ ట్రాన్స్‌ఫర్ ఫలితాలు ఏప్రిల్‌లో వస్తాయి, పిల్లలు జూన్ 1 లోగా సీటు ఒప్పుకుంటారు. సన్మానాల నాటికి ఆ పేర్లు కూడా సిద్ధంగా ఉంటాయి. అడిగి తీసుకుని ఆ పేజీలోనే వేయండి, విడిగా ఓ మూలన కాదు. ఆగస్టు చివరి వారంలో ట్యాగ్ తేదీలతో ఒక చిన్న బాక్సు వేస్తే ఇంకా మేలు. రాసిపెట్టమంటే నేనే రాసి పంపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పొలిటికల్ సైన్స్ లెక్చరర్,
హనుమకొండ (ప్రస్తుతం ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)