శుక్రవారం నాడు తాజ్‌మహల్ బయట ఆగిపోయిన 38 మంది తరఫున

గౌరవనీయులైన కేంద్ర పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రి గారికి,

నమస్కారం. నేను ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా పనిచేసి, ఒంగోలులో రిటైరైనవాడిని. ఎక్కిన మనిషి పైట చెంగు ముడి విప్పి చిల్లర తీసేలోపే “ఈ బస్సు కందుకూరు వెళ్లదమ్మా” అని చెప్పాలి. ఉద్యోగంలో మాకు నేర్పిన మొదటి పాఠం అది. డబ్బు పుచ్చుకున్నాక చెబితే అది చెప్పినట్టు కాదు. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క మాట గురించే.

గత నవంబరులో మా కాలనీ నుంచి 38 మందిమి కాశీయాత్రకు వెళ్లాం. పదిహేను రోజుల ప్రయాణం, వంటవాళ్లూ గ్యాసు పొయ్యీ బస్సులోనే. కాశీ, ప్రయాగ, అయోధ్య, నైమిశారణ్యం, ఆగ్రా, మథుర. కరపత్రంలో దేవుళ్లందరూ అంచుల్లో చిన్నగా ఉంటే, నడిమధ్యన తాజ్‌మహల్ పెద్దగా ఉంది. నిజం చెప్పాలంటే మాలో సగం మంది ఆ బొమ్మ చూసే పేరు రాయించుకున్నారు. విశ్వనాథుడు ఏమీ అనుకోడని వాళ్ల ధైర్యం.

శుక్రవారం ఉదయం ఆగ్రాలో దిగాం. తల స్నానాలు చేసి, ఉన్నవాటిలో మంచి చీరలు కట్టుకుని ఆడవాళ్లు బయలుదేరబోతుంటే, ఒక ఆటో అతను నవ్వి “బంద్” అన్నాడు. ఆ ఒక్క ముక్కకు అనువాదం అవసరం లేకపోయింది.

తాజ్‌మహల్‌కు ప్రతి శుక్రవారం సెలవు. ఆ ప్రాంగణంలోని మసీదులో మధ్యాహ్నం నమాజు జరుగుతుంది కాబట్టి ఆ రోజు సందర్శకులను రానివ్వరు. ఈ నియమం నిన్న మొన్నటిది కాదు, దానితో నాకు పేచీ లేదు. మన గుళ్లలోనూ నైవేద్యం వేళ తలుపులు వేస్తారు. నా పేచీ అంతా మమ్మల్ని తీసుకెళ్లిన యాత్రా సంస్థ మనిషితో. అడిగితే ఆయన తడుముకోకుండా, “శుక్రవారమని తెలుసండీ, కానీ మథుర శనివారానికి కుదిరింది. తాజ్‌మహల్ దూరం నుంచి చూపిస్తాం” అన్నాడు. ఆయనకు తెలుసు. డబ్బు కట్టిన 38 మందికి తెలియదు.

దూరం నుంచి చూపించడానికి ముందు ఆగ్రా కోటకు తీసుకెళ్లారు. కోటకు శుక్రవారం సెలవు లేదు. ఔరంగజేబు 1658లో తండ్రిని బంధించింది ఆ కోటలోనే. 1666లో కన్నుమూసేదాకా షాజహాన్ నది వంపు మీదుగా భార్య సమాధిని అక్కడి నుంచే చూస్తూ గడిపాడు. మేమూ అక్కడే నిలబడి, పొగమంచులో బూడిదరంగు ముద్దలా కనిపిస్తున్న తాజ్‌మహల్‌ను చూశాం. మా ఎదురింటి పెద్దావిడకు 71 ఏళ్లు. కథంతా విని, “ఆయన్ని కొడుకు బంధించాడు సరే, మనల్ని ఎవరు బంధించారు నాయనా?” అని నన్నడిగింది. కండక్టరును కదా, జవాబు నేనే చెప్పాలనుకుంది.

సాయంత్రం యమున అవతలి ఒడ్డున ఉన్న మెహతాబ్ బాగ్‌కు వెళ్లాం. వెన్నెల తోట అని ఆ పేరుకు అర్థం. మంత్రిగారూ, దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మా యాత్ర మొత్తంలో నాకు బాగా గుర్తున్న గంట అదే. తోపులాట లేదు, “జరగండి, జరగండి” అనే కేకలు లేవు. ఎదురుగా నది, నది మీద తాజ్‌మహల్ వీపు. పొద్దు వాలుతుంటే పాలరాయి ముందు లేత పసుపుకు తిరిగి, తరవాత కుంకుమ కలిపిన పాలలా అయింది. మా ఆడవాళ్లు పొట్లాలు విప్పి పులిహోర తింటూ చూశారు. తాజ్‌మహల్ లోపలికి తినే వస్తువులు తీసుకుపోనివ్వరు కాబట్టి ఆ భాగ్యం శుక్రవారం వాళ్లదే.

అక్కడొక అబ్బాయి వచ్చీరాని తెలుగులో, ఈ ఒడ్డున షాజహాన్ తనకోసం నల్లరాతి తాజ్‌మహల్ మొదలుపెట్టాడని, పునాదులు ఇవేనని చెప్పి మనిషికి ఇరవై రూపాయలు అడిగాడు. అందరం ఇచ్చాం. ఇంటికొచ్చాక మా మనవరాలు పుస్తకం తెచ్చి చూపిస్తే తెలిసింది: 1990లలో అక్కడ తవ్వినప్పుడు బయటపడింది నల్ల సమాధి పునాది కాదు, తాజ్‌మహల్ నీడ పడేలా కట్టిన పెద్ద ఎనిమిది మూలల కొలను. నల్లరాళ్లు అనుకున్నవి రంగు మారిన తెల్లరాళ్లే. అసలు సంగతి అబద్ధం కంటే అందంగా ఉంది కదా! నీటిలో నీడ చూసుకోవడానికి కొలను కట్టించిన మనిషి కథ ఉండగా, మేము ఇరవై రూపాయలిచ్చి లేని సమాధిని కొనుక్కున్నాం.

రాత్రి బస్సు మథురకు కదిలింది. ఎదురింటి పెద్దావిడ మొండికేయడంతో ఐదుగురం ఆగిపోయాం. సొంత ఖర్చుతో గది తీసుకుని, శనివారం తెల్లవారకముందే వరసలో నిలబడ్డాం. హిందీ సరిగా రాక నేను 50 రూపాయల టికెట్లు అడిగాను. వెనకున్న నాగపూర్ కుర్రాడు చెప్పకపోతే, పాలరాతి అరుగు ఎక్కి సమాధి మందిరంలోకి వెళ్లాలంటే మరో 200 కట్టాలని నాకు తెలిసేదే కాదు. 2018 డిసెంబరు నుంచి ఈ పద్ధతి ఉంది. మా భాషలో చెప్పాలంటే 50 రూపాయలది మధ్య స్టేజీ వరకే. రద్దీ తగ్గించడానికి పెట్టారు, అదీ న్యాయమే. కానీ మధ్య స్టేజీ టికెట్టు కొట్టేటప్పుడు ఎక్కడ దిగాలో చెప్పకపోతే మేమైతే మెమో తినేవాళ్లం.

లోపలికి వెళ్లాక మూడు గంటలే గడువు. పెద్దావిడ మోకాళ్లతో ఆ తోట దాటడానికే ముప్పావు గంట పట్టింది. లోపల సమాధుల చుట్టూ ఉన్న జాలీ, అంటే చిల్లుల పాలరాతి తెర, చుట్టూ తిరిగి, ముంతాజ్ సమాధికి దణ్ణం పెట్టుకుంది. పధ్నాలుగో కాన్పులో పోయిన తల్లి అని తెలిశాక ఆవిడ పెట్టకుండా ఉండలేదు. అసలు సమాధులు కింది గదిలో ఉన్నాయని, పైవి గుర్తుగా కట్టినవని ఆవిడకు నేను చెప్పలేదు. దణ్ణం ఎక్కడ పెట్టినా చేరుతుంది.

నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. ఫోనులో టికెట్టు కొనేవాళ్లకు శుక్రవారం సంగతి అక్కడే తెలుస్తుంది. మాలాంటి యాత్రా బస్సుల వాళ్లు ఫోనులో కొనరు, కరపత్రం చూసి కొంటారు. ఆ బస్సులన్నీ అఖిల భారత పర్మిట్టు మీదే తిరుగుతాయి. పర్మిట్టు రవాణా శాఖ చేతిలో ఉంటుందని నాకు తెలుసు. అయినా మీరిద్దరూ ఉండేది ఢిల్లీలోనే. ప్రయాణికుడికి ఇచ్చే రసీదు మీద ఏ రోజు ఏ ఊరు, ఆ రోజు అక్కడ ఏది మూసి ఉంటుంది అనేది అతని భాషలో అచ్చు వేయాలని ఒక షరతు పెట్టించండి. తాజ్‌మహల్ టికెట్టు ఎంతవరకు చెల్లుతుందో కూడా అందులోనే చేర్చండి. ఇంకొకటి, మెహతాబ్ బాగ్‌లో ఆ కొలను పక్కన దాని కథ దక్షిణాది భాషల్లో కూడా వినిపించే ఏర్పాటు చేయండి. శుక్రవారం బయట ఆగిపోయినవాళ్లలో చాలామంది చివరికి చేరేది అక్కడికే.

మా పక్క వీధివాళ్లు వచ్చే నెల అదే యాత్రకు పేర్లు రాయిస్తున్నారు. కరపత్రం తెప్పించి వేళ్ల మీద లెక్క వేశాను. ఆగ్రా మళ్లీ శుక్రవారమే పడింది. సంస్థకు ఫోను చేశాను. “దూరం నుంచి చూపిస్తాం సార్” అన్నారు. ఇప్పుడు ఆ వీధిలో ఇంటింటికీ తిరిగి నేనే చెబుతున్నాను. ఇప్పటికి పదకొండు ఇళ్లు అయ్యాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత కండక్టరు,
ఒంగోలు